వలందపాలెం తొండి

శశికళగారు తొండి ఆడతారు. ఇది నింద కాదు, అందరూ ఎరిగిన సంగతి. అష్టాచెమ్మాలో గవ్వలు తనకి కావలసినట్టు పడకపోతే మోచేత్తో తిప్పేస్తారు. అంత్యాక్షరిలో అప్పటికప్పుడు పాట కట్టేసి, ఏదో పాత సినిమాలోదని ఒట్టు పెడతారు. చర్చి పిక్నిక్‌లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పందెమైతే, నిమ్మకాయని బొటనవేలితో అదిమిపట్టి మరీ పరుగెడతారు. ఇంతా చేసి, ఆవిడ ఒక్క ఆటలోనూ గెలిచిన పాపాన పోలేదు. నవోమికి అంతుపట్టనిది అదే. తొండి ఆడనివాళ్ళు ఓడిపోయారంటే అర్థం ఉంది. ఇంత తొండి ఆడి కూడా ఓడిపోవాలంటే మనిషికి ఎంత చేతకానితనం ఉండాలి!

నవోమి గుంటూరులో నర్సింగ్ చదివి, మిషిగన్‌లో ఒక చిన్న ఊళ్ళో చర్చివాళ్ళ వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. ఆ ఊరు పూర్తిగా డచ్చివాళ్ళది. వీధి చివర గాలిమర, ఇంటి ముందు తులిప్ పూలు. ఆదివారం పూట గడ్డి కోసే మిషను చప్పుడు వినిపించిందా, చుట్టుపక్కలవాళ్ళు ఆ ఇంటివారి ఆత్మల కోసం ప్రార్థన మొదలుపెడతారు. ఇంట్లో పేకముక్కలు ఉండటమంటే సైతానుకి మంచం వేసి పెట్టినట్టే. అలాంటి ఊళ్ళోకి 1982 చలికాలంలో శశికళగారు దిగారు. భర్త జోసఫ్‌గారు కుర్చీల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఊరు మొత్తానికి తెలుగు ఇళ్ళు రెండే, నవోమిది ఒకటి, వీళ్ళది ఒకటి.

"ఇక్కడంతా డచ్ వాళ్ళేనక్కా," అని మొదటిరోజే చెప్పింది నవోమి.

"డచ్చివాళ్ళంటే వలందులే కదే!" శశికళగారి మొహం వెలిగిపోయింది. "మాది బందర్లో వలందపాలెం. ఎప్పుడో వాళ్ళు కాపరమున్న పేటే. చిన్నప్పుడు వాళ్ళ సమాధుల మధ్యే దాగుడుమూతలు ఆడేవాళ్ళం. అంటే నేను మా ఊరివాళ్ళ దగ్గరికే వచ్చానన్నమాట!"

"అయితే మీకు డచ్ వచ్చా?"

"రాదు. మా పేటవాళ్ళ భాషేగా, ఎంతసేపు పడుతుందిలే."

తీరా చూస్తే పేటవాళ్ళెవరూ పలకరించలేదు. జోసఫ్‌గారు పొద్దున్నే కార్‌లో వెళ్ళిపోతే, కిటికీ బయట మోకాలి లోతు మంచు, లోపల ఆవిడ. ఒకరోజు నవోమి వెళ్ళేసరికి శశికళగారు వాక్యూమ్ క్లీనర్‌తో మాట్లాడుతున్నారు. పైగా దాన్ని "ఒరే పాపారావ్" అంటున్నారు.

"ఏం చెయ్యనే? ఇంట్లో నాకు బదులు చెప్పేది వీడొక్కడే. కనీసం బర్రుమంటాడు," అన్నారు నవ్వుతూ. నవోమికి మాత్రం నవ్వు రాలేదు. మనిషి లేకపోతే బతకలేని మనిషి ఆవిడ. ఇట్లాగే వదిలేస్తే ఎండాకాలానికి ఆ నోరు మూతపడుతుందని భయపడింది.

ఆశ్రమంలో మధ్యాహ్నాలు ముసలివాళ్ళకి కాలక్షేపం చేయించే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. నవోమి వెళ్ళి డైరెక్టర్ మిసెస్ కైపర్‌ని అడిగింది. మిసెస్ కైపర్ పొడుగ్గా, నిటారుగా ఉంటుంది, నవ్వితే ఇస్త్రీ నలుగుతుందేమోనన్నట్టు.

"ఇక్కడ సగం మందికి వయసుతోపాటు ఇంగ్లీషు జారిపోయింది. చిన్ననాటి డచ్ ఒక్కటే మిగిలింది," అంది ఆవిడ. "ముందు ఊరికే వచ్చి కూర్చోమను. ఈస్టర్ నాటికి వాళ్ళతో డచ్‌లో మాట్లాడగలిగితే ఉద్యోగం ఇస్తాను. పూచీ నీది, నవోమీ."

నవోమి లైబ్రరీ నుంచి డచ్ నేర్పే పుస్తకం తెచ్చిచ్చింది. వారం తర్వాత చూస్తే అది డైనింగ్ టేబుల్ కాలి కింద ఉంది.

"టేబుల్ ఊగుతోందే," అన్నారు శశికళగారు ఏమాత్రం సిగ్గుపడకుండా. "అయినా పుస్తకంతో ఎవరు పోట్లాడతారు? పోట్లాడకుండా భాష ఎట్లా వస్తుంది?"

మర్నాడు ఆవిడ ఆశ్రమానికి గుడ్ల అట్టపెట్టె పట్టుకొచ్చారు. డజను గుడ్ల పెట్టెకి పన్నెండే గుంటలు కదా, ఆటకి పద్నాలుగు కావాలని ఇంకో పెట్టె నుంచి రెండు కోసి టేపుతో అతికించారు. పులుసు చేసినప్పుడల్లా కడిగి ఆరబెట్టి దాచిన చింతగింజలు సంచీ నిండా ఉన్నాయి. వామనగుంటలు! పేకముక్క లేదు, పాచిక లేదు, సైతానుకి సందు లేదు. గుంటలో గింజలు తీసి ఒక్కోటీ తరువాతి గుంటల్లో వేసుకుంటూ పోవాలి, చివరికి ఎవరి దగ్గర ఎక్కువ గింజలు పోగైతే వాళ్ళు గెలిచినట్టు. దానికి శశికళగారు కొత్త నియమం ఒకటి చేర్చారు. గింజలు డచ్‌లో లెక్కపెట్టాలి, తొండి పట్టుకున్నవాళ్ళు డచ్‌లోనే తిట్టాలి.

"ఏన్, ట్వే, డ్రీ..." అంటూ మొదలుపెట్టి, మూడోదాని దగ్గరే రెండు గింజలు గుప్పిట్లో దాచేవారు. అదీ ఎట్లా? గుడ్డివాడికి కూడా కనపడేట్టు. అంతే, తలలు వాల్చుకుని కూర్చునే ముసలివాళ్ళు ఒక్కసారి నిటారుగా లేచేవారు.

"యై స్పేల్ట్ ఫాల్స్!" నువ్వు తొండి ఆడుతున్నావని ఒకాయన కర్ర ఎత్తేవాడు.

"స్ఖామ్ యె!" సిగ్గులేదా అని ఇంకొకావిడ మెటికలు విరిచేది.

శశికళగారు ఆ తిట్లన్నీ శ్రద్ధగా విని, మరుసటి ఆటలో వాళ్ళకే అప్పజెప్పేవారు. ఆ భాషలో గొంతు గీరుకునే ఖకారం నవోమికి ఇన్నేళ్ళయినా పలకలేదు. శశికళగారికి మాత్రం చేపముల్లు గొంతులో దిగినప్పుడు వచ్చే చప్పుడు వాటంగా వచ్చేది. బందరు మనిషి కదా. మొత్తానికి వసంతం వచ్చేసరికి శశికళగారికి అనర్గళంగా తిట్టడం వచ్చింది, వాతావరణం గురించి తిట్టడం, పక్కవాడి కాఫీ గురించి తిట్టడం, ప్రేమగా తిట్టడం. అయినా ప్రతి ఆటా ఓడిపోయేవారు, ఓడిపోయి నానా రభసా చేసేవారు.

ఒక్క మిసెస్ వాన్ డైక్ దగ్గరే ఈ విద్య పారలేదు. ఎనభై దాటిన రైతు మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక, చలికాలమంతా ఎవరితోనూ పెదవి కదపలేదు. శశికళగారు రోజూ పెట్టె తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి, ఎడమచేత్తో ఆడించి, రోజూ ఓడిపోయి వచ్చేవారు. ఆవిడ గెలిచినా నోరు విప్పేది కాదు, చూపు మాత్రం పెట్టె మీదే ఉండేది.

ఇంతలో ఎవరో పుణ్యాత్ములు డైరెక్టర్‌కి చేరవేశారు: కొత్తావిడ ముసలివాళ్ళకి మోసం నేర్పుతోందని. ఆ రోజే శశికళగారు స్వెటర్ విప్పుతుంటే దాని ఎడమచేతి మడతలోంచి చింతగింజలు టపటపా రాలాయి.

"అక్కా! స్వెటర్‌లో కూడా దాస్తున్నారా? రేపు మిసెస్ కైపర్ స్వయంగా వచ్చి కూర్చుంటుంది. నా పూచీ మీద వచ్చారు. దయచేసి ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు తొండి మానెయ్యండి!"

శశికళగారు మొదటిసారి బెదిరిపోయారు. "సరేనే," అన్నారు మెల్లగా. "మళ్ళీ పాపారావు మొహం చూస్తూ కూర్చోలేను."

మర్నాడు హాలంతా నిండింది. మిసెస్ కైపర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా మిసెస్ వాన్ డైక్. శశికళగారు బుద్ధిమంతురాలిలా ఒక్కో గింజా ఒక్కో గుంటలో వేశారు. తొండి లేదు. తొండి లేకపోయేసరికి తిట్టేవాళ్ళు లేరు, తిట్లు లేకపోయేసరికి ఆవిడకి డచ్ రాలేదు. "ఏన్... ట్వే..." అని ఆగిపోయారు. నుదుటిన చెమట. కర్ర పెద్దాయన అయోమయంగా చూశాడు. మిసెస్ కైపర్ ఒక నిట్టూర్పు విడిచి, లేవబోయింది. నవోమి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది.

అప్పుడు మిసెస్ వాన్ డైక్ ఎడమచెయ్యి కదిలింది. నెమ్మదిగా వచ్చి, శశికళగారి గుంటలోంచి అందరూ చూస్తుండగా గుప్పెడు గింజలు తీసుకుని ఒళ్ళో వేసుకుంది.

శశికళగారు ఆగగలరా? "యై స్పేల్ట్ ఫాల్స్!" అని కుర్చీలోంచి లేచారు. ఆ తర్వాత తిట్లు జడివానలా కురిశాయి. చర్చికి వెళ్ళే మనిషివి, సిగ్గులేదా, నీ తెల్లజుట్టుకైనా మర్యాద ఇవ్వు, మీ ఆవులు కూడా నీకంటే నిజాయితీగా ఉండి ఉంటాయి! అంతా డచ్‌లోనే, ఖకారాలతో సహా.

మిసెస్ వాన్ డైక్ పెదవులు కదిలాయి. "నా ఆవుల జోలికి రాకు," అంది డచ్‌లో. గొంతు బొంగురుగా ఉంది కాని, మాట స్పష్టంగా ఉంది. "నాకు తొండి నేర్పిందెవరు? నువ్వే!"

హాలు గొల్లుమంది. కర్ర పెద్దాయన కర్రతో నేల వాయించాడు. ఆ సందట్లో నవోమికి కనపడింది. కుడిచెయ్యి గింజలు లాక్కుంటూ, నోరు తిడుతూ ఉండగా, శశికళగారి ఎడమచెయ్యి స్వెటర్ మడతలోంచి ఒక చింతగింజని తీసి మిసెస్ వాన్ డైక్ గుంటలోకి జారవిడిచింది. చూసేవాళ్ళంతా కుడిచేతి దొంగతనాన్ని పట్టుకునే హడావిడిలో ఉంటే, ఎడమచెయ్యి ఇన్నాళ్ళూ చేస్తున్నది ఈ పనా! ఆవిడ ఎందుకు ఓడిపోతారో నవోమికి అప్పుడర్థమైంది. చేతకానితనమని ఎన్నిసార్లు నవ్వుకుందో కూడా గుర్తొచ్చింది.

ఆ గింజని మిసెస్ కైపర్ కూడా చూసింది. లేచి, ఇస్త్రీ నలిగేలా నవ్వింది.

"సోమవారం నుంచి వచ్చెయ్యండి," అంది శశికళగారితో. "మీ ఎడమచేతిని కూడా తీసుకురండి."

ఆ సాయంత్రం శశికళగారి ఇంట్లో పండగే. జోసఫ్‌గారు రొయ్యలు కొనుక్కొచ్చారు. తిన్నాక నవోమి గుడ్ల పెట్టె ముందేసుకుంది.

"అక్కా, అందరినీ గెలిపించడానికేనా ఇంత తొండి?"

"ఏమిటే నీ గోల? నాకు ఆట రాదు, అంతే. ఆడు!"

ఈసారి నవోమి కుడిచేతిని చూడలేదు. ఎడమచేతినే కనిపెట్టి, తన గుంటలో పడిన గింజల్ని పడ్డవి పడ్డట్టే వెనక్కి ఆవిడ గుంటల్లోకి జార్చేసింది. ఆట అయిపోయింది. శశికళగారు లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టారు. మొదటిసారి గెలిచారు. కళ్ళింతలు చేసుకుని నవోమి వైపు చూసి, నవ్వాపుకోలేక, వేలు చూపించి, బందరు వలందపాలెం దాకా వినపడేట్టు అరిచారు:

"యై స్పేల్ట్ ఫాల్స్!"