సింథసైజరుకు తోడు వెతికిన రోజులు

మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్తగా కొనుక్కున్న సింథసైజరును భోజనాల బల్ల మీద పెట్టుకుని, దీనికి జతగా డ్రమ్ మెషిన్ తీసుకోమంటావా, శాంప్లర్ తీసుకోమంటావా అని అడిగింది. చర్చిలో ఎన్నో ఏళ్లు కీబోర్డు వాయించినదాన్ని, రెండింటికీ తేడా నాకు తెలియక కాదు. అయినా తర్వాత చెబుతాలే అని వంటింట్లోకి వెళ్లిపోయి, కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను. ఒకప్పుడు ఇదే ప్రశ్న చేతబట్టుకుని, ఇంట్లో ఒక ప్రాణం నిలుస్తుందో నిలవదో అని వణికిపోయామని అప్పటికింకా పుట్టని పిల్లకు ఏం తెలుస్తుంది?

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ కాలం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమిటో తెల్లారితేగాని తెలియదు. నేను తెనాలి వైపు పిల్లను, మెట్టినిల్లు మెదక్ నుంచి వచ్చి మూసాపేటలో స్థిరపడ్డ కుటుంబం. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేదాన్ని. షేర్ ఆటోలో పదిమందితో ఇరుక్కుని కూర్చున్నప్పుడు నాలుక చివరిదాకా వచ్చిన 'అండి'ని మింగేసి, దిగవలసిన చోటు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేదాన్ని. నన్నెవరూ ఏమీ అనలేదు, అయినా భయం భయమే. ఆ ఏడాది మా ఆయన ప్రాజెక్టు పని మీద పుణెలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది నేను, ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మా అత్తగారు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న మా మరిది.

ఇనుప సామాన్ల కొట్టు పైఅంతస్తులో ఉండేది మా చిన్న చర్చి. అక్కడ నేను సింథసైజరు వాయిస్తే మా మరిది డ్రమ్స్ వాయించేవాడు. బల్ల కనబడినా, బకెట్ కనబడినా వేళ్లు ఊరుకోని మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి మౌనంలో పడిపోయాడు. యూనివర్సిటీలో అతనితో కలిసి చదివిన ప్రాణస్నేహితుడు ఉద్యమం కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. అంత్యక్రియలనుంచి వచ్చిన సాయంత్రమే మా మరిది డ్రమ్ము పుల్లల్ని అటకమీదికి విసిరేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక పిలిస్తే పలికేవాడు కాదు.

పేపరు తెరిస్తే రోజూ అలాంటి వార్తే. పొద్దున్నే అత్తగారు పేపరు తీసి బియ్యం డబ్బా వెనక దాచేవారు. టీవీ తీగ పీకేశారు. వడ్రంగిని పిలిపించి మా మరిది గది తలుపుకు లోపలి గడియ ఊడదీయించారు. రోగుల పక్కన ముప్ఫై ఏళ్లు ధైర్యంగా నిలబడ్డ మనిషి, కొడుకు స్నానానికి వెళితే బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటుండేవారు. నా యాస వినబడితే అతనికి కోపమేమో అని నేను ఇంట్లో కూడా తక్కువ మాట్లాడటం మొదలుపెట్టాను. అది గమనించి ఒకరోజు ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

"నీ మీద కోపం గాదు బిడ్డా. దోస్తును ఆపలేకపోయిన్నని వాని మీద వానికే కోపం. ఏదన్న పని జెప్పు వానికి. పనుంటెనన్న ఇంట్ల ఉంటడు."

నాకు తెలిసిన పని ఒక్కటే. డ్రమ్స్ లేక చర్చిలో పాటలు తడబడుతున్నాయి, నా సింథసైజరుకు తాళం కోసం ఏదైనా యంత్రం కొనాలి, ఏది మంచిదో నాకు తెలియదు, తోడు రావా అని మా మరిదిని అడిగాను. తెలియదన్నది అబద్ధమని అతనికీ తెలుసు. తల్లి ముఖం చూసి లేచి చొక్కా వేసుకున్నాడు.

బంద్ లేని ఒక మధ్యాహ్నం సికింద్రాబాదులో ఒక వాయిద్యాల దుకాణానికి వెళ్లాం. దుకాణాయన మాకు తెలిసినవాడే. చర్చి కోసమంటే డ్రమ్ మెషినే మంచిగుంటుందని, అందులో డ్రమ్ముల చప్పుళ్లన్నీ ముందే నింపి ఉంటాయని, నా సింథసైజరుకు ఒక తీగ తగిలిస్తే రెండూ ఒకే వేగంతో నడుస్తాయని చెప్పి మీట నొక్కాడు. తాళం దానంతటదే మొదలైంది. అలసట లేదు, పొరపాటు లేదు. ఎవరూ చెయ్యి వెయ్యకపోయినా అలా మోగుతూనే ఉంది. మా మరిది దానివైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఇది ఉంటె ఇగ నేనెందుకు వదినా?"

ఎన్నో రోజుల తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అది. దుకాణాయన నవ్వాడు. నేను గబుక్కున మీట నొక్కి తాళం ఆపాను. ఆ పక్కనున్న రెండో పెట్టె ఏమిటని అడిగాను.

"అది శాంప్లర్ అమ్మా. దాంట్ల ఏముండది, ఖాళీ డబ్బా. మీరు ఏ చప్పుడు రికార్డు చేసి పెడితే, పైన ఈ రబ్బరు ప్యాడ్లు కొట్టినప్పుడు అదే మోగుతది. జర పరేషాన్ పని. మనిషి కూసోవాలె దాని ముంగట."

మనిషి కూర్చోవాలి అన్న ఆ మాట కోసమే దాన్ని కొన్నాను.

కొన్నానేగాని ఆ పెట్టె చాలా రోజులు నా సింథసైజరు పక్కన మూగగానే పడి ఉంది. ఆఫీసు నుంచి రాగానే నా చూపు దానిమీదికే పోయేది, కదిపిన జాడ కనబడేది కాదు. అలా ఉండగా ఒక సెలవు రోజు అత్తగారు రోట్లో వెల్లుల్లి దంచుతుంటే, మా మరిది గదిలోంచి వచ్చి చిన్న మైకు పట్టుకుని ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు, వెల్లుల్లి ముద్దయిపోయినా ఆపకుండా దంచుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం గదిలోంచి రోటి చప్పుడు తాళమై వినబడింది. మేమిద్దరం వంటింట్లో ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డాం. తర్వాత కుక్కరు ఈల, వీధిలో కొట్టు షట్టరు దించిన మోత, చాటలో బియ్యం ఎగరేసిన చప్పుడు అన్నీ అందులోకి చేరాయి. ఇక ఫరవాలేదనుకున్నాం.

నగరంలో పెద్ద ఊరేగింపు ఉన్న రోజు నేను ఆఫీసులో ఉండగా అత్తగారి ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"వాడు లేడు బిడ్డా. ఆ డబ్బ సంచిలేసుకొని పోతుంటె పక్కింటోళ్లు జూసిన్రంట. ఫోన్ కలుస్తలేదు. చేతి గడియారం విప్పి నీ కీబోర్డు మీద పెట్టిండు. ఎందుకు పెట్టిండే?"

ఎందుకు పెట్టాడు? ఆ ప్రశ్న ఒక్కటే నన్ను మెట్లు దింపింది. మా పెళ్లిలో మా నాన్న అతనికి కొనిచ్చిన గడియారమది, నిద్రలో కూడా విప్పేవాడు కాదు. బస్సులు లేవు. బతిమాలగా ఒక ఆటో కొత్తగూడ దాకా వచ్చింది, అక్కడ రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబడుతున్నాయి. దిగి నడిచాను. అద్దాల మేడలన్నీ మూతపడి, ఎప్పుడూ నిండుగా ఉండే రోడ్డు ఖాళీగా పడి ఉంది. నా చెప్పుల చప్పుడే నాకు వినబడుతుంటే, వెనక ఎవరో వస్తున్నట్టు మాటిమాటికీ తిరిగి చూశాను. కూకట్‌పల్లి దగ్గరపడుతుండగా కర్రలు పట్టుకున్న కుర్రాళ్ల గుంపు ఎదురై, ఎక్కడికని ఆపింది. దాచుకోవలసిన యాస సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

"మా మరిది కనబడట్లేదండీ. ఫోను కలవట్లేదు. ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉన్నారండీ," అని ఏడ్చేశాను.

వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. నా యాస వాళ్లకు తెలిసిపోయింది, అది నాకూ తెలుస్తూనే ఉంది. వాళ్లలో ఒకడు కర్ర దించాడు.

"ఫికర్ జెయ్యకక్కా. ముంగట పోలీసోళ్లు టియర్ గ్యాస్ గోళాలు ఏస్తున్నరు, ఆ రోడ్డున పోకు. గిట్ల గల్లీల నుంచి పో."

ఇల్లు చేరేసరికి అత్తగారు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నారు, గుప్పిట్లో గడియారం. నేనూ పక్కన కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు వీధి మలుపులో మా మరిది కనబడ్డాడు. ఎర్రబడ్డ కళ్లు, తడిసి ఒంటికంటుకున్న చొక్కా, ఒక కాలికే చెప్పు. సంచిని పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకున్నాడు.

"పోలీసోళ్లు నీళ్లు కొట్టిన్రు వదినా. డబ్బ తడవలే."

అత్తగారు లేచి అతని చెంప మీద ఒక్కటి కొట్టి, అదే చేత్తో దగ్గరికి లాక్కున్నారు. గడియారం ఎందుకు విప్పావురా అని అరిచారు. అతను తెల్లబోయి చూశాడు.

"టిక్కు టిక్కుమంటే మైకుల పడ్తదని విప్పిన అమ్మా."

లోపలికి వచ్చి తీగలు తగిలించి ప్యాడ్ నొక్కాడు. డప్పులు. అంతమంది అరుపుల మధ్య పట్టుకొచ్చిన డప్పులు. కాసేపు విని, అవి చనిపోయిన తన స్నేహితుడు డప్పు వాయించిన జట్టువని, నడుమ ఎప్పుడూ ఆ స్నేహితుడే ఉండేవాడని చెబుతూ చెబుతూ తల్లి ఒడిలో తలపెట్టి గట్టిగా ఏడ్చాడు. చావు జరిగినప్పటినుంచి అతను ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మా మరిది సౌండ్ ఇంజనీరై నార్సింగిలో సొంత ఇల్లు కట్టుకున్నాడు, ఇద్దరు పిల్లలు. అత్తగారు కన్నుమూసి చాలా కాలమైంది. నేను నడిచిన ఆ రోడ్డు మీద ఇప్పుడు ఫ్లైఓవర్లు, తల పైకెత్తినా చివర కనబడని మేడలు. నా యాస గురించి ఇప్పుడు నాకే గుర్తుండదు.

కానీ ఆ భయం ఎక్కడికీ పోలేదు. ఆ రోజుల్లో పక్క గదిలో టకటకమంటే మనిషి ఉన్నాడని గుండె కుదుటపడేది. ఇప్పటి పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తమలో తామే సంగీతం కట్టుకుంటారు, గంటల తరబడి గదిలోంచి చిన్న చప్పుడైనా రాదు. ఏ వంకో పెట్టుకుని వెళ్లి తలుపు తోస్తాను. ఏంటమ్మా అంటుంది మా అమ్మాయి విసుగ్గా. ఏం లేదమ్మా అని వచ్చేస్తాను.