కాలువ నడిమధ్య పెళ్లిచూపులు

ఆ రోజుల్లో డిగ్రీ చేతికి రాకముందే గర్వం వచ్చేసేది. కర్నూలు కొత్తగా రాజధానై, ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్న కాలం. నేను మద్రాసులో ఇంజనీరింగు ముగించి, కాలువ పనిలో చేరి, కనపడినవాడికల్లా నీళ్ల మీద పాఠం చెప్పేవాణ్ణి. మా మేనమామ ఇంటి వసారాలో కూర్చుని, "గోడను ఆనుకున్న నీళ్లు కదలవు మామా. గోడకు దూరమయ్యేకొద్దీ జోరెక్కువ. నడిమధ్యలోనే అసలు పరుగు," అంటే ఆయన తలగుడ్డ సర్దుకుని, "కదలకపోతే మడికెట్లా వస్తాండాయిరా?" అనేవాడు. (సమాధానం నా దగ్గర ఉండేది. వినే ఓపిక ఆయన దగ్గర ఉండేది కాదు.)

ఆయన కూతురంటే నాకు ప్రాణం. ఇంతలో ఆత్మకూరు నుంచి ఇంకో సంబంధం వచ్చిపడింది. పత్తి వ్యాపారం వాళ్లబ్బాయి. మా ఇంట్లో అందరం పత్తిమూట అనేవాళ్లం. ఎటూ తేల్చుకోలేక మామ గంగమ్మ మీద భారం వేశాడు. కాలువకు కొత్తనీళ్లు వదిలిన రోజు చాటలో పసుపు, కుంకుమ, రవికెగుడ్డ పెట్టి నీళ్లలో వదలడం మా ఊరి ఆనవాయితీ. "ఇద్దరూ చెరొక చాట వదలండప్పా. ఎవరిది ముందు వంతెన కాడికి వస్తే వాళ్లకే పిల్ల," అన్నాడు. నాకు పరీక్ష పేపరు ముందే చేతికిచ్చినట్టయింది.

పత్తిమూట ఒడ్డునే కూర్చుని రాతిగోడ పక్కన చాట వదిలాడు. అది నేను చెప్పినట్టే గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతూ ఉండిపోయింది. నేను పంచె ఎగ్గట్టి, చాట నెత్తిన పెట్టుకుని, నడిమధ్యకు నడిచాను. జోరు అక్కడేనని ఊరందరికీ చెప్పానుగానీ నా కాళ్లకు చెప్పుకోలేదు. చాట బోర్లాపడి మునిగింది. ముందు పంచె, వెనక నేను. "ఇంజనీరు పోతాండాడు! పట్టుకోండప్పా!" అని ఒకటే కేకలు.

వంతెన దగ్గర ఎవరో తాడు విసిరి లాగారు. మామ వంగి, "చాట యాడరా?" అన్నాడు. "పోయింది మామా," అన్నాను. పిల్లా పోయినట్టే అనుకుని, అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. అప్పుడు వంతెన మీద నుంచి మరదలు, పైట నోటికి అడ్డం పెట్టుకుని, "నాయనా, ఆయప్ప చాట ఇంకా ఆడనే ఉండాది. ఈయప్ప మనిషే వచ్చినాడు. ముందు కట్టుకునేదానికి ఏమన్నా ఇయ్యి," అంది. మామ తలగుడ్డ విప్పి ఇచ్చాడు. పెళ్లికి ఆయన పెట్టిన మొదటి బట్ట అదే.

ఇప్పుడు ఇంటి నడిమధ్యలో ఆమె ఒక్క క్షణం నిలవదు. నేను గోడకు కుర్చీ ఆనించుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్లతో, "గోడను ఆనుకున్నది కదలదని ఈయన అప్పుడే చెప్పినాడు," అంటుంది. ఆ వసారాలో నా పాఠం వింటున్నది మామ కాదని, తలుపు వెనక ఉన్న ఈమేనని నాకు శానా ఏండ్లకు గానీ తెలియలేదు.