లారీ కడుపు చల్లగా

ఆ రోజుల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మా రిసాలిలో మావయ్య అనుమానించని మనిషి ఒక్కరూ లేరని గట్టిగా చెప్పగలను. (చివరికి ఒక్కరున్నారని తేలింది, ఆ సంగతికే వస్తున్నాను.) పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని ఎవరైనా అనుమానిస్తారు. మా మావయ్య ఒకరోజు పాలు చిక్కగా ఉన్నాయని అనుమానించాడు. "ఇన్నాళ్ళూ లేని బుద్ధి ఇయ్యాలే ఎందుకొచ్చింది నీకు?" అని గేటు దగ్గర నిలబెట్టి అడిగేసరికి, ఆ పాలవాడు మర్నాటి నుంచి మళ్ళీ పల్చగా పోసి మా ఇంటికి శాంతి తెచ్చాడు. స్టీల్ ప్లాంటు స్టోర్సులో జీవితమంతా నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ లెక్కపెట్టి పుచ్చుకున్న మనిషి ఆయన. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి ఏమీ మిగలక, ఒక పాత లారీ కొన్నాడు.

మా నాన్న రైల్వే ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతుండడం వల్ల నేను మావయ్య, అత్తల దగ్గరే పెరిగాను. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఉండకూడదని దగ్గర్లోని హథ్‌ఖోజ్‌లో ఒక మేస్త్రీ షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఆ మేస్త్రీది మా అత్త పుట్టిన ఊరే, విజయనగరం దగ్గర. అత్తని అక్క వరసన "అప్పా" అనీ, మావయ్యని "బావా" అనీ పిలిచేవాడు, మావయ్యా ఆయన్ని బావా అనే అనేవాడు. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కీ, ఇంకో కొన చెవికీ ఆనించి లోపలి జబ్బు చెబుతాడు కాబట్టి ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అనేవారు. ఇక నా సంగతి చెప్పాలంటే, నాకు తెలుగు కన్నా హిందీ బాగా వచ్చేది, హిందీ కన్నా గొప్పలు బాగా వచ్చేవి. పుస్తకంలో ఉన్న రోగమే ఇంజన్‌కి రావాలని నా పట్టుదల.

లారీ పొగలు కక్కుతూ ఎత్తు ఎక్కనని మొరాయిస్తుంటే, ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టమని మావయ్య దాన్ని చెవి మేస్త్రీకి అప్పజెప్పాడు. అప్పజెప్పే ముందు రోజు మేకు పట్టుకుని కనబడ్డ ప్రతి భాగం మీదా తన ఇంటిపేరు మొదటి అక్షరం గీశాడు, ముఖ్యంగా రాగి రేడియేటర్ మీద. "రాగి సూత్తే ఎవుడికైనా సెయ్యి దురద పెడతాది," అన్నాడు. మేస్త్రీ ఆ గీతలు చూసి నవ్వాడు గానీ, ఆ నవ్వు నాకు అంత బాగా అనిపించలేదు. అయినా పని మాత్రం మనసు పెట్టి చేశాడు. బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేసి, హెడ్డు సాపు చేయించి, రేడియేటర్‌ని తన చేత్తోనే కడిగి బిగించాడు. షెడ్డులోనే స్టార్ట్ చేసి చాలాసేపు నడిపించాం. వేడి చూపించే ముల్లు సరిగ్గా మధ్యకొచ్చి కదలకుండా నిలబడింది. మేస్త్రీ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి కళ్ళు మూసుకుని, "పసిగుంట లాగ నిద్దరోతంది," అన్నాడు. గుంట అంటే వాళ్ళ యాసలో పిల్ల, నన్నూ అలాగే పిలిచేవాడు.

మర్నాడు ఇంటి ముందు లారీకి పూజ. డ్రైవర్ రుఆబాంధా నుంచి తలస్నానం చేసి వచ్చాడు. ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి. వాళ్ళ భాషలో అవునంటే 'హౌ'. మనం ఏం చెప్పినా, ఏం అడిగినా ఆయన నోట వచ్చేది అదొక్కటే కాబట్టి నేను హౌ భయ్యా అనేదాన్ని. ఆయన మూత తీసి రేడియేటర్‌లో నీళ్ళు సరిచూస్తుంటే, అత్త పళ్ళెం పట్టుకుని లారీ చుట్టూ తిరిగి బొట్లు పెట్టింది, హారతిచ్చింది, పిల్లలు లేని తన చేత్తో దాని ముక్కు నిమిరి, "కడుపు సల్లగుండ తల్లీ," అంది. నిమ్మకాయల మీంచి లారీ కదలబోయే ముందు మావయ్య జేబులోంచి ఎర్ర దారం తీసి రేడియేటర్ మూత చుట్టూ తనకి మాత్రమే తెలిసిన ముడి వేశాడు. "దీన్ని ఎవుడు ముట్టుకున్నా నాకు తెలిసిపోతాది," అని హౌ భయ్యా వైపు చూశాడు. "హౌ," అన్నాడు హౌ భయ్యా.

ఇనుప చువ్వల లోడుతో హథ్‌ఖోజ్ దాటిందో లేదో, లారీ ముల్లు ఎర్ర గీత మీదికి పరుగెత్తింది. ముందు నుంచి ఆవిరి. దారం తెంచే ధైర్యం లేక హౌ భయ్యా దాన్ని అలాగే ఆపి, ఇంకో బండికి కట్టించి షెడ్డుకి లాక్కొచ్చాడు. "నేను వచ్చేదాకా దారం జోలికెల్లకండి," అని మావయ్య ఫోన్‌లో హుకుం. ఈలోగా మేస్త్రీ బెల్టు చూశాడు, గట్టిగానే ఉంది. ఫ్యాను చూశాడు, తిరుగుతోంది. నీళ్ళు తోసే పంపు చూశాడు, కొత్తదే. నేను పక్కన నిలబడి పుస్తకంలోని కారణాలన్నీ వరసగా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఇంకేటైనా మిగిలిందేటి గుంటా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మావయ్య వచ్చి ముందు ముడి పరీక్షించాడు. చెక్కుచెదరలేదు. దారం విప్పి, మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేయించాడు. లోపల నుంచి పచ్చటి నురగ బుసబుసమని పైకొచ్చింది. మావయ్య వేలు ముంచి, వాసన చూసి, ఆ వేలు మేస్త్రీ ముక్కు దగ్గర పెట్టాడు. "పసుపు!" లారీల మనుషులకి ఈ కిటుకు తెలుసు. రేడియేటర్ కారుతుంటే పసుపు పొడి వేస్తారు, అది చిల్లులో కూరుకుని కొన్నాళ్ళు కారకుండా ఆపుతుంది. అమ్మేసే లారీకి చేసే మాయ అది. "నా ముడి అలగే ఉంది. అంటే పసుపు ముందే ఉంది. చిల్లు పడ్డ రేడియేటర్‌కి పసుపు పూసి నాకు అంటగట్టేవా బావా? బయటోడైతే అనుకోవచ్చు, నువ్వేటి?" అన్నాడు మావయ్య. మేస్త్రీ ముఖం వాడిపోయింది. "నా సేత్తో కడిగేను బావా. అందులో ఏటీ నేదు," అని మాత్రం అనగలిగాడు. మావయ్య రేడియేటర్ మీద మేకు గీత చూసుకుని, అది తనదేనని తేల్చుకుని (ఆ కోపంలో కూడా అది మర్చిపోలేదు), "ఆదివారం లారీ ఓనర్ల మీటింగులో అందరి ముందూ సెప్పీసి, నీ షెడ్డుకి ఒక్క బండి రాకుండా సేత్తాను," అని వెళ్ళిపోయాడు. మేస్త్రీకి వచ్చే బండ్లలో సగానికి పైగా ఆ ఓనర్లవే. అది ఊరికే అన్న మాట కాదు, ఆ షెడ్డు మూతపడే మాట. నాకు భయం వేసింది.

ఆ వారమంతా నేను ఇద్దరికీ గూఢచారిని. ఇంట్లో మావయ్య, అత్తకి ఈ గొడవ తెలియనివ్వకుండా, నాకు సమోసాలు పెట్టి, "నువ్వు అక్కడే ఉంటావు గదా, ఆడు ఏటి దాసేడో కనిపెట్టు," అనేవాడు. షెడ్డులో మేస్త్రీ టీ ఇప్పించి, "ఆ డ్రైవర్ని సూడు గుంటా. ముడి ఎయ్యక ముందు మూత తీసింది ఆడే గదా," అనేవాడు. సమోసాలు తిని మేస్త్రీ మీదా, టీ తాగి డ్రైవర్ మీదా నేనూ అనుమానం పెంచుకున్నాను. హౌ భయ్యాని పట్టుకుని నిలదీశాను. "రేడియేటర్‌లో పసుపు పడిందా?" "హౌ." "నువ్వు వేశావా?" "హౌ." "వెయ్యలేదా?" "హౌ." ఆ జవాబులు రాసుకుంటే కోర్టు కూడా తల పట్టుకునేది. ఆఖరికి నా అనుమానం పుస్తకంలోని కారణాల మీదికి మళ్ళింది. నీళ్ళు వేడెక్కాక తెరుచుకునే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, అది బిగుసుకుపోయి ఉంటుందని దాన్ని విప్పి ఇంటికి తెచ్చి, అత్త పాలగిన్నెలో పడేసి స్టవ్వు మీద మరిగించాను. వాల్వు చక్కగా తెరుచుకుంది. అత్త నోరు అంతకన్నా బాగా తెరుచుకుంది. "ఓలమ్మో, పాలగిన్నెలో లారీ ముక్కలా! ఒలే, నీకు సదువు సెప్పినోళ్ళెవురే!" మర్నాడు హెడ్డు గాస్కెట్ పోయిందన్నాను. నురగ వస్తోందంటే మంట గాలి నీళ్ళలోకి దూరుతోందని నా వాదన. మేస్త్రీ హెడ్డు విప్పి చూపించాడు. గాస్కెట్ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నాకు తల ఎత్తుకోవడానికి లేకపోయింది.

మీటింగుకి ముందు రోజు మేస్త్రీ రేడియేటర్ ముందు చాలాసేపు కూర్చుని, "నాను కడిగేనన్న పొగరుతో దీన్నొక్కదాన్నీ ఇప్పనేదు," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. బ్లో ల్యాంపుతో టంకం కరిగించి పై డబ్బా విడదీశాడు. ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. నీళ్ళు దిగే సన్నటి గొట్టాల మూతుల మీద పచ్చగా, మెత్తగా, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని ఏదో ఉంది. పులిసిన గంజి వాసన. మేస్త్రీ చిటికెడు తీసి నలిపి చూశాడు. "ఇదేటి, పులిహోరా?" అన్నాడు. అన్నమే. పచ్చటి అన్నం. నాకు పళ్ళెం గుర్తొచ్చింది, తీసి ఉన్న మూత గుర్తొచ్చింది, కడుపు సల్లగుండ తల్లీ అన్న మాట గుర్తొచ్చింది. మా అత్త లారీకి అక్షింతలు వేసింది. లారీ వాటిని వండింది. ఆ గంజే నురగై పొంగింది, ఆ మెతుకులే గొట్టాలు మూసేశాయి. నేను పడీ పడీ నవ్వుతుంటే మేస్త్రీ నవ్వలేదు. "గుంటా, ఈ సంగతి నీ నోట రాకూడదు. బావ నోరు నీకు తెలుసు. అప్పని బతికినన్నాళ్ళూ దెప్పుతాడు," అన్నాడు. "మరి రేపు మీటింగులో?" అంటే, "సూద్దాం," అన్నాడు. ఆయన మీద నేను పెంచుకున్న అనుమానమంతా ఆ ఒక్క మాటతో కరిగిపోయి, నా మీద నాకే సిగ్గేసింది.

మెతుకులు తుడిచేసే లోపే మావయ్య దిగాడు. మేస్త్రీని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి సాక్షిగా ఉండాలని అత్తని కూడా, ఎందుకో చెప్పకుండానే, వెంటబెట్టుకొచ్చాడు. వెనకాల హౌ భయ్యా. మావయ్య నోరు తెరిచే లోపు మేస్త్రీయే, "తప్పు నాదే బావా. పసుపు నానే ఏసేను," అన్నాడు. నేను బిక్కచచ్చిపోయాను. మావయ్య ముఖం వెలిగి, మరుక్షణమే మాడింది. "ఇంత జల్దీగా ఒప్పుకున్నావంటే ఏటో దాస్తన్నావు," అన్నాడు. పాలు చిక్కగా ఉన్ననాటి చూపు అది. మేస్త్రీని పక్కకి నెట్టి డబ్బాలోకి వంగాడు. "పసుపు లీకు కోసం. బియ్యం దేనికి?" అత్త కూడా వంగి చూసి, ఇంట్లో పోయిన గిన్నె దొరికినట్టు, "అచ్చింతలు కదేటి! నానే ఏసేను. అది నోరు తెరుసుకుని ఉంది, కడుపు సల్లగుండాలని గుప్పెడు ఏసేను. ఏటి, తప్పేటి?" అంది. "హౌ," అన్నాడు హౌ భయ్యా. ఆ రోజు మూత పట్టుకుని పక్కనే నిలబడ్డానని, అది మీ తెలుగోళ్ళ రివాజు కాబోలు అనుకున్నానని, నేను అడిగినప్పుడు పసుపు పడిందనే చెప్పానని ఆయన హిందీలో చెప్పాడు. ఆయన ఇంత పొడుగు మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఇప్పుడు మావయ్య నోరు మోగుతుందని నేనూ మేస్త్రీ ఊపిరి బిగపట్టాం. మోగింది అత్త నోరు. "అయితే ఈడిని అనుమానించేరా? మా ఊరి గుంటడిని? డ్రైవర్ని అనుమానించేరు. పాలోడిని అనుమానించేరు. ఈ గుంటని సైతం అనుమానించేరు. నన్నొక్కదాన్నీ ఏల అనుమానించనేదు? నాకా పాటి పని సేతకాదనా?" నిజంగానే కోపమొచ్చింది ఆమెకి. మావయ్య ఆమె వైపు తిరిగాడు. స్టోర్సులో ఉండవలసిన సామాను అరలో లేకపోతే ఎలా చూసేవాడో అలా చూశాడు. చివరికి, "తోసనేదే. నిన్ను అనుమానించాలని నాకు ఎప్పుడూ తోసనేదు," అన్నాడు. అత్త ముఖం పక్కకి తిప్పుకుని కొంగుతో డబ్బా అంచు తుడవడం మొదలుపెట్టింది. మావయ్య జేబులోంచి ఎర్ర దారం ఉండ తీసి మేస్త్రీ చేతిలో పెట్టి, "బావా, దీన్ని ఎక్కడైనా పారీ," అన్నాడు. క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు. అంతకన్నా ఎక్కువ ఆయన ఎప్పుడూ ఎవరికీ ఇచ్చి ఎరగడు. మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటే నూనె మరక బుగ్గదాకా పాకింది.

గొట్టాలన్నీ సన్నటి తీగతో పొడిచి కడిగి బిగిస్తే ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. ఆదివారం మీటింగులో మావయ్య లేచి, ఇంజన్ పని చేయించుకుంటే చెవి మేస్త్రీ దగ్గరే చేయించుకోండని చెప్పాడు. ఉన్నట్టుండి ఇతను ఒకర్ని పొగుడుతున్నాడేమిటి, ఇందులో ఏదో ఉందని ఓనర్లంతా అనుమానించి కొన్నాళ్ళపాటు మేస్త్రీని చాటుగా విచారించారట. తర్వాత బండ్లు తెచ్చారు లెండి.

ఇప్పుడు నేను ఒక కంపెనీలో వాహనాల మరమ్మతులు చూస్తున్నాను. లారీ వేడెక్కుతోందంటే కుర్రాళ్ళకి బెల్టు, వాల్వు, పంపు అని పుస్తకం వరసే చెబుతాను, కానీ బండికి పూజ ఎప్పుడు జరిగిందని కూడా అడుగుతాను. (ఎందుకో ఎవరికీ చెప్పను.) మొన్న రిసాలిలో నా సీమంతం చేశారు. అత్త నా తల మీద అక్షింతలు వేసి, "కడుపు సల్లగుండ తల్లీ," అంది. గుమ్మం దగ్గర తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డ మేస్త్రీ, "గుంటా, మూత బిగించీ!" అని అరిచాడు. పేరంటాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. మావయ్య మాత్రం దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ ఒక్క వారంలో ఊరందరినీ అనుమానించి, అత్త చేతిని మాత్రం చూడని అప్పటి గొప్పల పిల్ల నాకు గుర్తొచ్చింది. జుట్టులో చిక్కుకున్న అక్షింతల్ని సాయంత్రందాకా దులుపుకోలేదు.