ఉయ్యాల మీద మా బాపు, ఇల్లేమో తమ్ముడిది

బాసరలో గోదావరి ఒడ్డున ఉన్న మా ఇంటిని యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇద్దామని, ఏ యాప్ మంచిదో మా నాన్న తమ్ముడైన చిన్నబాపు కొడుకును అడిగాను. వాడికీ అక్కడే ఇల్లుంది.

"గా పెద్ద యాప్ జోలికి పోకు అన్నా, అంత మోసమే" అన్నాడు.

నమ్మి, వాడు చెప్పిన చిన్న యాప్‌లో పెట్టాను. ఒక్కరూ రాలేదు.

ఈ సాయంత్రం ఎందుకో అనుమానం వచ్చి ఆ పెద్ద యాప్ తెరిస్తే, మొట్టమొదట వాడి ఇల్లే కనబడింది. ఫొటోలో మాత్రం మా వరండా, మా ఉయ్యాల, దాని మీద నవ్వుతూ మా బాపు!

వెంటనే ఫోన్ చేశాను. "బాపు ఫొటో నీ ఇంటికెట్ల పెట్టినవ్‌రా?"

"గదేందన్నా, పెద్దబాపు నీ ఒక్కనికేనా?"

ఏ యాప్ మంచిదని ఇక ఎవరినీ అడగను. తమ్ముళ్ల మీద రివ్యూలు రాసే యాప్ ఏదైనా ఉంటే మాత్రం చెప్పండి.