మూడో విజిల్ తర్వాత

మా నాయన ఒక మనిషి భుజం విరగ్గొట్టిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. ఆపాలని అనిపించలేదు కూడా.

మా బంగారు గనులను ప్రభుత్వం తీసుకున్నాక మా బతుకులు మారతాయని అందరూ అన్నారు. నాకు తెలిసి మారింది గేటు మీది బోర్డు ఒక్కటే. నాయన భూమి కింద రాతికి బెజ్జాలు వేసి, మందు కూరి పేల్చేవాడు. రొమ్ము నిండా రాతి దుమ్ము చేరాక పనికిరాడని ఇంటికి పంపారు. ఆ ఇల్లూ కంపెనీదే, పని పోతే అదీ వదిలిపెట్టాలి. లైన్ అని పిలిచే ఇళ్ళ వరసలో ఒకటి: రేకుల కప్పు, అతుక్కున్న గోడలు, గట్టిగా తుమ్మితే పక్కింట్లోంచి 'చిరంజీవ' అనేవాళ్ళు. అయినా నేను పుట్టింది అందులోనే.

అప్పుడే బెంగళూరులో అసెంబ్లీలో ఒక బిల్లు పెట్టారు. పని పోయిన కార్మికులను కంపెనీ ఇళ్ళలోంచి వెళ్ళగొట్టకూడదని దాని సారాంశం. యూనియన్‌లో నాలుగు ముక్కలు చదువుకున్న పెద్దాయన ఒకరు సాయంత్రం కొళాయి దగ్గర మా లైన్ వాళ్ళందరినీ కూర్చోబెట్టి వివరించాడు.

"బిల్లును మూడుసార్లు చదువుతారప్పా. పెట్టేటప్పుడు ఒకసారి, వాదులాడుకునేటప్పుడు ఒకసారి, కడాకు చేతులెత్తేటప్పుడు ఒకసారి. మనం కింద మూడు విజిళ్ళు కొట్టి పేలుస్తాము గదా, అట్లే అనుకోండి."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. వినేదెవరు? గనిలో మూడో విజిల్ అయిందంటే వత్తికి నిప్పు అంటుకున్నట్టే, దేవుడొచ్చినా ఆపలేడు. ఆ విజిల్‌ను నమ్మి పరుగెత్తినవాడు బతుకుతాడు. నమ్మనివాణ్ణి గోనెపట్టాలో పైకి తెస్తారు. నాయన తన సొంత తమ్ముణ్ణి అలాగే తెచ్చుకున్నాడు.

అసెంబ్లీ బిల్లును ఆమోదించిందని రేడియోలో వచ్చిన పొద్దున నాయన దగ్గుతూనే లైనంతా తిరిగాడు. "మూడో విజిల్ కొట్టేసినారు! ఇంగ మనల్ని ఎవుడూ కదిలించలేడు!" అని ఒకటే అరుపు. అమ్మ రాబర్ట్‌సన్‌పేట నుంచి మైసూర్‌పాకు తెప్పించి ఇంటింటికీ పంచింది.

ఆ వారంలోనే కంపెనీ వాచ్‌మన్లు వచ్చారు. వాళ్ళ పెద్ద, మారెమ్మ పండక్కి మా నాయనతో కలిసి యాటను కోసినవాడే, గుమ్మంలో నిలబడి "ఖాళీ చెయ్యన్నా. నాకు ఆర్డరుండాది" అన్నాడు.

"చట్టం వచ్చిండాది రా. యాడికి పోవాల?"

"యాడొచ్చింది? ఇంకా సగం దావలోనే ఉండాది."

వాడు చెప్పింది నిజమే. అసెంబ్లీ దాటిన బిల్లును పై సభ కూడా ఒప్పుకోవాలి, దాని మీద గవర్నరు సంతకం పడాలి, గెజెట్‌లో అచ్చు కావాలి. మాకది అప్పుడు తెలియదు. తెలిసినా వినేవాళ్ళం కాము.

వాడు లోపలికొచ్చి పొయ్యి మీది సంగటి కుండను కాలితో తన్నాడు. నాయన మూలనున్న గడ్డపార తీశాడు. వాడి భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మిగతావాళ్ళు నాయనను వాకిట్లోకి ఈడ్చి, ఊపిరాడని ఆ రొమ్ము మీదే లాఠీలతో బాదారు. వాళ్ళ కళ్ళల్లో అమ్మ కారం చల్లి, ఒకణ్ణి జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. నేను ఒకడి చేతిని నోట్లోకి రక్తం వచ్చేదాకా కొరికాను. లైనంతా రాళ్ళు పట్టుకుని మా వాకిట్లోకి దూకింది. వాచ్‌మన్లు పారిపోయి, పోలీసులతో తిరిగొచ్చారు. నాయనను జీపులో వేశారు, మా సామాన్లు వీధిలో పారేసి తలుపుకు తాళం వేశారు.

ఆ గొడవకు కంపెనీ జంకింది. బిల్లు తేలేదాకా ఆ లైన్‌లో ఇంకెవరినీ కదపొద్దని పైనుంచి మాట వచ్చిందట. మేము ఆండర్సన్‌పేటలో ఒక అద్దె గదిలో చేరాం. నాయన బెయిలు మీద వచ్చాడు. దగ్గితే రక్తం పడేది.

వానలు తగ్గాక చట్టం నిజంగానే వచ్చింది. యూనియన్ పెద్దాయన మా గది గడప దాటకుండా బయటే నిలబడి చెప్పాడు. గెజెట్‌లో అచ్చయిన రోజుకు ఎవరు ఇంట్లో కాపురముంటే వాళ్ళకే హక్కట. మాకు లేదు.

"ఆ పొద్దే అంతా చెప్పింటే ఏమయ్యా నీ సొమ్ము పోయేది?" అని మీదికి పోయాను. నాయన చెయ్యెత్తి నన్ను ఆపి ఆయనను అడిగాడు.

"లైన్లో ఎన్ని ఇండ్లు నిలిచినాయన్నా?"

"మీది తప్ప అన్నీ నిలిచినాయప్పా."

"పోనీలే" అని నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ పోనివ్వలేదు. రోట్లోని పొత్రం చంకనెత్తుకుని లైన్‌కు నడిచింది. నేను వెంట పరుగెత్తాను. చట్టం వచ్చిందని లైన్ వాళ్ళంతా టపాసులు కాలుస్తున్నారు. అమ్మ మా పాత తలుపు తాళం మీద పొత్రంతో బాదసాగింది. చేతులు చిట్లి రక్తం కారుతున్నా ఆపలేదు. వాచ్‌మన్లు వచ్చి ఆమెను జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చారు. నేను గొంతు చించుకుని లైన్ వాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను.

అందరూ తమ తమ గుమ్మాల్లో నిలబడి చూశారు. ఈసారి ఒక్కరూ రాయి తీయలేదు.