మామ పడుగులో పడ్డ నా ధ్యానం

నడిచి నడిచి మనశ్శాంతి సంపాదిద్దామని బయలుదేరి, ధర్మవరంలో ఒక వీధి వీధినంతా గగ్గోలు పెట్టించిన ఘనుణ్ణి నేను. నవ్వేవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి.

పంతొమ్మిదివందల అరవైల తొలిరోజులు. మా నాయనకు హిందూపురంలో చీరలంగడి. అంగట్లో బేరాల గోల పడలేక ఒకరోజు పెనుకొండకు పారిపోతే, కొండమీద ఒక సాధువు నడక ధ్యానం నేర్పాడు.

"కండ్లు సగం మూసుకో. అడుగు మీదే మనసు పెట్టు. ఎవరు పిలిచినా పలకొద్దు. కొత్త మనిషివై తిరిగొస్తావు."

కొండమీద అది బాగానే సాగింది. ఎదురొచ్చేవి మేకలు, అవే తప్పుకున్నాయి.

కొత్త అల్లుడిగా ధర్మవరం వెళ్ళినప్పుడు, తెల్లవారగానే అత్తగారి వీధిలో అదే మొదలుపెట్టాను. సగం చాలదేమోనని కళ్ళు పూర్తిగా మూసేశాను. ఆ పొద్దే నేతపని చేసే మా మామ వీధి పొడుగునా కొయ్యలు పాతి, చీరకు పట్టు పడుగు, అంటే నిలువు పోగులన్నీ, చాచి కట్టాడని నాకేం తెలుసు?

"అల్లుడూ, నిలబడప్పా!"

లోకం పిలుస్తోంది, పలకరాదు అనుకున్నాను.

"ఆడ పడుగుండాది! యాడికి పోతాండావు?"

మాయ అరుస్తోంది, లొంగరాదు అనుకున్నాను.

ఎదకేదో మెత్తగా తగిలింది. ఆహా, శాంతి ఇంత మెత్తనా అని ఇంకాస్త తోసుకుపోయాను. కొయ్యలు ఊడాయి. కళ్ళు తెరిచేసరికి సాలెగూట్లో ఈగలా నేలమీదున్నాను. ఎవరింటి పెళ్ళికూతురో కట్టవలసిన ఎర్రపట్టు నా చెవులకు చుట్టుకునుంది.

వీధంతా మూగింది. నా భార్య రత్నమ్మ గడపలో తలవంచుకుని నిలబడింది.

"ఏమప్పా, ఏమైంది మీ అల్లునికి?" అన్నాడు ఎదురింటాయన.

మామ నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు. బిడ్డ మొగుడు పిచ్చివాడని ఏ తండ్రి చెప్పుకుంటాడు?

"పాపం, కండ్లు సరిగా అగపడవు" అన్నాడు.

పొద్దుగూకేదాకా నేనూ రత్నమ్మా ఎదురెదురుగా కూర్చుని చిక్కులు విప్పాం. తెగిన పోగులు మామ అతికాడు. పెళ్ళినాటి నుంచీ సిగ్గుతో నోరు విప్పని పిల్ల మెల్లగా అడిగింది.

"నిజంగానే కండ్లు అగపడవా మీకు?"

"నువ్వు బాగానే అగపడతాండావే!"

పకపకా నవ్వింది. సాధువు చెప్పిన శాంతేదో అప్పుడు దొరికింది.

అది మర్నాటి పొద్దు దాకానే. గడప దాటగానే ఎదురింటి అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఈడ మెట్టుండాది నాయనా, మెల్లగా దిగు."

"అవ్వా, నాకు అగపడతాది! చూడు!" అని కళ్ళు గుడ్లగూబలా విప్పి చూపించాను.

అవ్వ కొంగుతో కన్నీళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో, ఇంతింత కండ్లిచ్చి చూపు ఇయ్యకపోయెనే ఆ దేవుడు!"

ఆ అవ్వ చేతిలో చెయ్యి ఉండగానే ప్రతిజ్ఞ చేశాను: ధర్మవరం పొలిమేరలో ఉన్నంతసేపూ, నిద్రలో తప్ప ఈ కళ్ళు మూయను. తుమ్ము వచ్చినా సరే, ఒక కన్ను తెరిచే తుమ్ముతాను.