సప్లయి వెనక ఎర్ర స్విచ్

కంప్యూటర్ కొనడానికి మా నాన్న పెట్టిన షరతు ఒక్కటే. కొనే ప్రతి వస్తువూ ఏం పని చేస్తుందో ఆయనకి అర్థమయ్యేలా నేను చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వస్తువు కొనం.

వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ మా నాన్న మోటార్లు చుట్టే మనిషి. ద్రాక్షారామం దగ్గర మా ఊళ్ళో, ఇంటి అరుగు మీదే ఆయనకి రివైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటారు తెస్తే దాన్ని విప్పి, మాడిన తీగ చేతిలో పట్టుకుని, ఎందుకు కాలిందో రైతుకి చెప్పాకే పని మొదలుపెట్టేవాడు. "మీ తప్పేం లేదండి, వోల్టేజి తక్కువై కాలింది" అన్నాడంటే ఆ రైతు ఇంకో మెకానిక్‌ని అడిగేవాడు కాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో కరెంటు విషయంలో ఆయన మాటే మాట. మాకున్న ఆస్తి అదే. ఆ మాటకి నేను కార్ల పందెం ఆట కోసం మసి పూశాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్స్. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. కాలేజీ పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కార్ల ఆట ఆడేదాన్ని. అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే, అక్కడున్న మగపిల్లలందరి కంటే ముందు గీత దాటేది కూడా నేనే. ఆ పొగరు నాకు బాగా ఉండేది. ఇంట్లో మాత్రం కంప్యూటర్ చదువుకోసమనే చెప్పాను. నాన్న అప్పటికి తీగ చుట్టే మిషను కొందామని కొంత డబ్బు దాచుకున్నాడు. "ముందు నీది కానీ. చేత్తో తిప్పితే తీగ తిరగనంటుందా" అన్నాడు.

ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. మేడ మీద చిన్న షాపు. షాపాయన కొటేషన్ రాస్తుంటే నాన్న ఒక్కో లైను మీద వేలు పెట్టి నన్ను అడిగాడు. ర్యామ్ అంటే నీ షాపులో బల్లలాంటిది, బల్ల ఎంత పెద్దదైతే అన్ని సామాన్లు ఒకేసారి పరుచుకోవచ్చు అన్నాను. హార్డ్ డిస్క్ బీరువా అన్నాను. ప్రాసెసర్ దగ్గర "అసలు పని చేసేది ఇదే" అంటే తల ఊపాడు. ఒక్కో ఊపుకీ నా గుండె కుదుటపడేది. ఆయనకి నచ్చింది వస్తువు కాదు, నేను చెప్పిన తీరు. షాపాయనతో "మా అమ్మాయికి అన్నీ తెలుసండి" అన్నాడు.

చిక్కంతా చివరి రెండు లైన్ల దగ్గరొచ్చింది. గ్రాఫిక్స్ కార్డు ఒకటి. కంప్యూటర్ డబ్బాలో అన్నిటికీ కరెంటు అందించే మంచి సప్లయి, దానికి తోడు స్టెబిలైజరు ఇంకొకటి. మా డబ్బుకి రెండూ రావు. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించాను, మానిటర్ పదిహేను అంగుళాలకి దింపాను, ఫ్లాపీ డ్రైవు కొట్టేయించాను. అయినా చాలలేదు. కార్డు లేకపోతే కంప్యూటర్ నడుస్తుంది. నా ఆట నడవదు.

షాపాయన ఫోనొచ్చి లోపలికెళ్ళాడు. నాన్న స్టెబిలైజరు లైను మీద వేలు పెట్టాడు.

"ఇది ఉంచాలమ్మా. మన ఊరి వోల్టేజి సంగతి నీకు తెలియనిదా?"

"అక్కర్లేదు నాన్నా. డబ్బాతో పాటొచ్చే సప్లయి దానంతటదే సర్దుకుంటుంది."

"మరి ఈ కార్డు?"

"ప్రాజెక్టుకి కావాలి. బొమ్మలు వేసేది అదే."

నా రెండు జవాబుల్లో ఒకటి అబద్ధం, ఒకటి తెలియనితనం. ఆయన రెండింటికీ ఒకేలా తల ఊపాడు. షాపాయన తిరిగొచ్చేసరికి స్టెబిలైజరు కొట్టేసి ఉంది.

మర్నాడు పొద్దున్న అమ్మ డబ్బాకి పసుపూ కుంకుమా పెట్టాక మీట నొక్కాం. వెలిగింది. పగలంతా బాగానే ఉంది. అసలు కష్టం సాయంత్రం మొదలైంది. దాళ్వా పంట చివరి రోజులవి. కాలవల్లో నీళ్ళు అడుగంటి, ఊరంతా పొలాలకి మోటార్లు వేసేవాళ్ళు. అవి నడుస్తున్నంతసేపూ ఇంట్లో బల్బులు పసుపు ముద్దల్లా ఉండేవి. కంప్యూటర్ వెలిగేది, అంతలోనే ఆరిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. అయిదుసార్లు అలాగే అయింది. నాకు ఏడుపొచ్చింది. స్టెబిలైజరు కొట్టేయించింది నేనే కాబట్టి ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

నాన్న మీటరు తెచ్చి ప్లగ్గులో పెట్టి చూశాడు. నూట నలభై. తర్వాత డబ్బాని తిప్పి వెనక వంగి చూశాడు. కరెంటు తీగ గుచ్చే చోట చిన్న ఎర్ర స్విచ్ ఉంది.

"ఇదేంటమ్మా? ఒక పక్క నూట పదిహేనంట, ఇంకో పక్క రెండొందల ముప్పై అంట."

ఆ స్విచ్‌ని నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఏ పుస్తకంలోనూ చదవలేదు, షాపాయన చెప్పలేదు. తెలియదు అంటే అయిపోయేది. కానీ నిన్నంతా అన్నీ తెలిసినదానిలా చెప్పుకొచ్చి, షాపాయన ముందు అంత మాట అనిపించుకుని, ఇప్పుడు తెలియదంటే స్టెబిలైజరు సంగతి కూడా బయటపడుతుందని భయమేసింది. నా బుర్ర గబగబా లెక్కేసింది.

"మనకొచ్చేది నూట నలభై కదా నాన్నా. నూట పదిహేనుకే దగ్గర. తక్కువ వోల్టేజి ఉన్న ఊళ్ళ కోసం పెట్టుంటారు."

"మోటార్లు ఆగాక వోల్టేజి ఎక్కువొస్తే?"

"సర్దుకుంటుంది."

ఆయన స్విచ్ మీద వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఖాయమేనా?"

"ఖాయం నాన్నా."

స్క్రూడ్రైవర్‌తో ఎర్ర స్విచ్‌ని పక్కకి జరిపాడు.

కంప్యూటర్ నిలబడింది. ఈసారి ఆరలేదు. అమ్మ సంబరపడి పక్కింటివాళ్ళని పిలిచింది. మోటార్ల కోసమొచ్చిన రైతులిద్దరు కూడా అరుగు దిగి గుమ్మంలోకొచ్చారు. నేను ప్రాజెక్టు సంగతి మర్చిపోయి కార్ల ఆట పెట్టాను. వంపుల్లో కారు జారకుండా పోతుంటే వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. "మీ చెయ్యి పడిందంటే అంతేనండి, స్విచ్ మార్చగానే దారికొచ్చింది" అన్నాడొక రైతు నాన్నతో. నాన్న గర్వంగా నావైపు చూశాడు.

పొలాల కరెంటు ఏడింటికి ఆపేస్తారని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు గుర్తుంది. గోడ గడియారం వైపు రెండుసార్లు చూశాను. ఆపేద్దామని కూడా అనుకున్నాను. కానీ ఇంతమంది ముందు ఆపితే ఎందుకాపావని అడుగుతారు. ఇంకో రౌండు, ఇంకో రౌండు అనుకుంటూ పోయాను.

ముందు ఫ్యాను చప్పుడు మారింది. ఈడ్చుకుంటూ తిరిగేదల్లా వేగం అందుకుంది. బల్బు తెల్లబడింది. అరుగు మీదున్న నాన్న ఆ చప్పుడు విని "ఆపు, ఆపమ్మా" అంటూ లోపలికి రెండంగలు వేశాడో లేదో, డబ్బాలోంచి టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. వెనకనించి తెల్లటి పొగ. స్క్రీను నల్లబడింది. నాన్న ప్లగ్గు పీకేసి, వంగి వాసన చూసి, అరుగు మీదకెళ్ళి కూర్చున్నాడు.

మళ్ళీ రాజమండ్రి. డబ్బాని నా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. మంచి సప్లయి కొనుంటే ఇంతవరకూ వచ్చేది కాదని నాకు నేనే చెప్పుకున్నాను, ఆ మాటనే మళ్ళీ నేనే కొట్టేశాను. సప్లయి ఏదైనా స్విచ్ జరపమన్నది నేనే. లోపల ఎన్ని పోయాయో తెలియదు. అన్నీ పోతే మిషను డబ్బులు మొత్తం పోయినట్టే.

షాపాయన సప్లయి విప్పాడు. లోపల ఉబ్బి పగిలిన కెపాసిటర్ గొట్టాలు. స్విచ్ వైపు చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఇది మనకోసం కాదండి. కొన్ని దేశాల్లో కరెంటే నూట పదిహేను వస్తుంది, వాళ్ళకి. ఇలా ఎవరు జరిపారు?"

నేను నోరు తెరిచాను.

"నేనేనండి" అన్నాడు నాన్న. "మా అమ్మాయి వద్దంటూనే ఉంది. నేనే వినలేదు."

"మోటార్లు చుడతానన్నారు కదండీ మీరు" అని షాపాయన నవ్వాడు. బల్ల దగ్గరున్న ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. నాన్న కూడా వాళ్ళతో పాటు కాస్త నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

షాపాయన వేరే సప్లయి తగిలించి మీట నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లోపలి బోర్డు బాగానే ఉన్నానన్నట్టు ఒకసారి కూసింది. ర్యామ్ ఉంది, డిస్క్ ఉంది, కార్డు కూడా ఉంది. పోయింది సప్లయి ఒక్కటే. కార్డు వెనక్కి తీసుకుని, దాని బదులు మంచి సప్లయి, స్టెబిలైజరు ఇమ్మని షాపాయనతో అన్నాను.

"ప్రాజెక్టుకి కావాలన్నావుగా?" అన్నాడు నాన్న.

"ఆటలకి నాన్నా."

తిరుగు బస్సులో నాన్న స్టెబిలైజరుని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆటలకని చెప్తే కొననంటానా? అది పోనీ. కరెంటు దగ్గర మాత్రం తెలియకపోతే తెలియదని చెప్పు తల్లీ. నీ మాట మీద స్విచ్ జరిపాను నేను. రేపు ఇంకొకడు నీ మాట మీద తీగ ముట్టుకుంటాడు."

ఊళ్ళో కూడా నాన్న అదే కథ చెప్పాడు. అమ్మాయి వద్దంది, నేనే జరిపాను. ఆ తర్వాత కొందరు రైతులు ఆయన చెప్పింది విని, "ఓసారి పక్క ఊళ్ళో కూడా అడిగొస్తామండి" అనడం నేను విన్నాను. ఆయన "అలాగేనండి" అనేవాడు.

ఈమధ్య బంధువుల పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఆ ముచ్చట ఎత్తారు. కంప్యూటర్ పేల్చిన మెకానిక్కని ఆయన్ని ఏడిపించారు. ఇన్నేళ్ళకి నాకు నోరు పెగిలింది. "జరపమన్నది నేను. ఖాయమని కూడా చెప్పాను. నాన్న తప్పేం లేదు" అన్నాను అందరి ముందూ.

బంతిలో అందరూ నవ్వారు. "చూడండి, కూతురంటే అలా ఉండాలి. నాన్నని ఎలా వెనకేసుకొస్తోందో" అంది ఒకావిడ. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వారు. నాన్న తలెత్తకుండా విస్తట్లో పెరుగన్నం కలుపుకుంటున్నాడు.